తంగేటిపూవుకు తావేది?

ఏటేట భాద్రపద అమావాస్య నాడు తెలంగాణమున బ్రతుకమ్మ పండుగ ఆరంభమగును. తొమ్మిది దినములు స్త్రీలు పూవులను వలయములు వలయములుగ పేర్చి, చుట్టును తిరిగి పాడి, కడపట చెరువునీట విడుతురు. ఆ పేర్పులో గునుగునకు, తంగేడునకు ప్రథమస్థానము. తంగేటిపూవు లేని బ్రతుకమ్మ బ్రతుకమ్మ కాదని పెద్దల మాట. 2014వ సంవత్సరము నవంబరు మాసమున తెలంగాణ ప్రభుత్వము తంగేటిపూవును రాష్ట్రపుష్పముగ ప్రకటించినది. ఇట్లు పండుగయందు ఆ పూవునకు అగ్రపీఠము లభించినది. ప్రభుత్వ చిహ్నములయందు గౌరవము లభించినది. ఇక మిగిలిన ప్రశ్న యొక్కటియే. నేలమీద దానికి తావెక్కడ?

ఈ ప్రశ్న పరిహాసమునకు వేసినది కాదు. ఒకప్పుడు ఊరి పొలిమేర దాటినంతనే తంగేటి పొదలుండెడివి. చెరువుకట్టల వెంబడి, బండిబాటల ప్రక్కల, గుట్టల వాలులయందు, బంజరులలో ఎవరును నాటకయే అవి పెరిగెడివి. పిల్లలు తెల్లవారకముందే బయలుదేరి ఒడినిండ పూవులు కోసి తెచ్చెడివారు. నేడు నగరముల చుట్టు బంజరులు ఇండ్లస్థలములైనవి. బాటలు వెడల్పు చేయునపుడు మొదట తొలగింపబడునవి ప్రక్కపొదలే. గుట్టలు కంకర కొఱకు కరగిపోవుచున్నవి. హైదరాబాదు అంగళ్లలో పండుగనాళ్లయందు తంగేటిపూవు కట్టలుగ అమ్ముడుపోవుచున్నది. కొనుటలో దోషము లేదు; అమ్మువారికి నాలుగు డబ్బులు దొరకుట మంచిదే. కాని ఊరూర ఊరక దొరకిన పూవు వెలకు దొరకవలసి వచ్చినదనగ, దాని వెనుక ఒక నేల నశించినదని అర్థము. ఆ నేలతోగూడ మరి యేమేమి నశించుచున్నవో విచారింపవలసియున్నది.

తంగేడు ఆడంబరము లేని పొద. నిలువెత్తు పెరుగును, మంచినేల దొరకిన ఇంకను కొంత ఎదుగును. శాస్త్రజ్ఞులు దీనిని సెన్నా ఆరిక్యులేటా అని పిలుచుచున్నారు. ఆకుకాడ మొదట చెవి యాకారమున నుండు చిన్న పత్రములనుబట్టి ఆ పేరు వచ్చినది. దక్కను పీఠభూమి, రాయలసీమ, తమిళదేశము, కన్నడదేశము, సింహళము దీని పుట్టినిండ్లు. తమిళులు ఆవారమందురు, పొంగలినాడు వేపరెమ్మతో గలిపి ఇంటిచూరున కట్టుదురు. ఎఱ్ఱచెలకయైనను, రాతినేలయైనను దీనికి సమ్మతమే. వానలు తగ్గిన యేట పంటలు మాడిపోవుచుండగ తంగేడు పచ్చగ నిలుచును. పశువులు సామాన్యముగ దీనిని ముట్టవు. కావున కంచె లేకున్నను బ్రతుకును. పుల్ల పండ్లు తోముటకు, ఆకు వరిమళ్లలో పచ్చియెరువుగ త్రొక్కుటకు, పూవు వైద్యమునకు, బెరడు తోళ్లు ఊనుటకు మనవారు వినియోగించిరి. ఇంత మేలుచేసి యింత తక్కువ కోరు మొక్క మరియొకటి మన మెట్టసీమలో అరుదు.

అయితే మనుజులకైన ఉపయోగమును మాత్రమే లెక్కించుట మన అలవాటు. తంగేటిపూవునకు మనకంటె ముందే చుట్టములు కలరు. ఆ చుట్టరికము విననైనది.

ఈ పూవులో మకరందము లేదు. ఐదు పసుపు రేకుల నడుమ పది కేసరములుండును. వానిలో మూడు గొడ్డువి. తక్కినవాని యందే పుప్పొడి యుండును. అనేక పుష్పములయందు పుప్పొడికోశము నిలువున పగిలి పొడి బయటపడును. తంగేటియందు అట్లు కాదు. కోశము కొన యందు సన్నని రంధ్రము మాత్రముండును. ఉప్పుబుడ్డిని తలక్రిందులు చేసి ఆడించినట్లు ఆడించిననే గాని పొడి రాలదు. ఆ పని చేయగలది తుమ్మెద. అది పూవును కాళ్లతో పట్టుకొని, ఱెక్కలు కదల్పకయే ఱొమ్ములోని కండరములను వేగముగ వణకించును. ఆ ఝంకారముతో పూవంతయు అదరి, పుప్పొడి చిమ్మును. కొన్ని కేసరముల పొడి తుమ్మెదకు కూలి. క్రిందనుండు పొడవైన కేసరముల పొడి దాని మేనికంటి మరియొక పూవును చేరును. కవులు వేయేండ్లుగ వర్ణించుచు వచ్చిన తుమ్మెదనాదము వట్టి శృంగారసామగ్రి కాదు. అది ఒక వ్యవసాయ కార్యము.

ఇచటనే రైతు చెవియొగ్గవలసిన విషయ మున్నది. వంగపూవు నిర్మాణమును సరిగ నిట్టిదే. దాని పుప్పొడియు కొన రంధ్రమునుండియే రాలవలెను. టమాటపూవును ఝంకారముచే అదరినప్పుడు బాగుగ కాయ పట్టును. మనము పెట్టెలలో పెంచు తేనెటీగకు ఈ విద్య రాదు. అది రాలిన పొడిని ఏరుకొనగలదే గాని, పూవును వణకింపజాలదు. తుమ్మెదలు, మరికొన్ని ఒంటరి యీగలు మాత్రమే ఆ పని నెరవేర్చును. కందిపూవునకును పెద్దయీగలు రాకపోకలు సాగించును. వంగ, టమాట, కంది మన వంటయింటికి నిత్యావసరములు గదా! అయితే వంగతోట పూచునది కొన్ని మాసములే. తక్కిన మాసములలో తుమ్మెద యేమి తిని బ్రతుకవలెను? గట్టున నాలుగు తంగేటి పొదలున్నచో, వానలు పడినది మొదలు విరివిగను, తక్కిన కాలమున అంతో ఇంతో పూయుచు, అవి దానికి జీవనాధారమగును. గట్టును నున్నగ చెక్కించి, పొదలు కాల్చి, పిమ్మట కాయ నిలువలేదని మందులదుకాణమునకు పరుగెత్తు రైతు, తన కూలీలను తానే తరిమివేసి పని సాగలేదని వగచువానివంటివాడు.

ఇక సీతాకోకచిలుకల సంగతి. పూవు నుండి పూవునకు ఎగురు చిలుకను చూచి మనము సంతోషింతుము. దానికి మకరందముగల పూవులు నాటిన చాలుననుకొందుము. కాని చిలుక ఆకాశమునుండి ఊడిపడదు. అది మొదట గ్రుడ్డు, పిమ్మట గొంగళిపురుగు. ఆ పురుగు దొరకిన యాకునెల్ల తినదు. తరతరములుగ ఏ చెట్టుతో పొత్తు కుదిరినదో ఆ చెట్టు ఆకునే తినును. లేతపచ్చని తెలుపుతో మెఱయుచు గుంపులుగ వలసపోవు కెటాప్సీలియా జాతి చిలుకల పురుగులకు తంగేటియాకు ఆహారము. నిమ్మచెట్టునకు, కరివేపకు, జిల్లేడునకు ఇట్లే వేరువేరు చిలుకలు ఋణపడియున్నవి. తంగేడు కొట్టివేసి, దాని స్థానమున ఏ దూరదేశపు రంగుపూల మొక్కనో పెట్టినచో, తల్లిచిలుకకు పానకము దొరకవచ్చును గాని బిడ్డకు అన్నము దొరకదు. అన్నము లేని ఇంట వంశము నిలుచునా?

ఆ గొంగళిపురుగులును వ్యర్థముగ పుట్టలేదు. పిచ్చుకవంటి గింజతిండి పక్షులు సైతము తమ పిల్లలకు మొదటి దినములలో పురుగులనే నోటికందించును. పొదలో పురుగు లేనిచో గూటిలో పిల్ల యెదుగదు. పొద మొదట తొండలు, చుంచులు, కుందేళ్లు దాగును; వానిని వెదకుచు ముంగిస వచ్చును. పంటచేని ప్రక్కనున్న ఒక్క పొదవరుస ఈ విధముగ ఒక చిన్న సంసారమును మోయుచున్నది. దానిని చూడనేరని కన్నులకు అది పిచ్చికంప. చూడనేర్చిన కన్నులకు అది ధర్మసత్రము.

మన నేలకు తగిన దానిని త్రోసిపుచ్చి, తగనిదానిని నెత్తికెత్తుకొనుట మన కిది క్రొత్త కాదు. చరిత్రనుండి మూడు నిదర్శనములు చాలును.

మొదటిది తంగేటిచెక్క కథయే. మదరాసు రాజధానిలో తోళ్లు ఊను పరిశ్రమ ఒకప్పుడు ప్రధానముగ ఈ బెరడుమీద నిలిచియుండెను. ఆ రాజధానినుండి విదేశములకు పోయిన తోలులో తంగేటి బెరడు గుణము ప్రసిద్ధమై యుండెను. బీదజనులు పొదలనుండి బెరడు సేకరించి అమ్ముకొని కొంత సంపాదించెడివారు. 20వ శతాబ్దమున క్రోము విధానము వచ్చినది. దక్షిణాఫ్రికానుండి వాటిల్ తుమ్మచెక్క దిగుమతియైనది. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆ వాటిల్ వృక్షమును నీలగిరులలోను, పళని కొండలలోను తోటలుగ నాటిరి. ఫలితమేమి? అది నాటిన హద్దులో నిలువలేదు. వేలయేండ్ల పచ్చికమైదానములను ఆక్రమించినది. నేడు అచటి ప్రకృతిప్రేమికులు, అటవీశాఖవారు దానిని పెఱికి గడ్డిని మరల నిలుపుటకు శ్రమపడుచున్నారు. బంజరులో పెరుగు పొదను కాదనుకొన్నందున కొండమీది మైదానము పోయినది.

రెండవది సర్కారుతుమ్మ. 1870వ దశకమున నాటి ప్రభుత్వము వంటచెఱకు కొఱకని అమెరికా ఖండపు ఈ ముండ్లచెట్టును మన కడపమండలమున నాటించినది. జనులు పెట్టిన పేరే దాని చరిత్రను చెప్పుచున్నది. వంటచెఱకు, బొగ్గు ఇచ్చిన మాట నిజము; అందుచే ఎందరో బీదలకు పొయ్యి వెలిగినది. కాని చెరువుగర్భములు, కాలువలు, పసరికబీళ్లు దాని వశమైనవి. దాని క్రింద తంగేడు మొలవదు, గడ్డియు మొలవదు.

మూడవది తలంబ్రాలచెట్టు, శాస్త్రజ్ఞుల లాంటానా. 19వ శతాబ్దారంభమున కలకత్తా ఉద్యానమునకు అందము కొఱకు తెచ్చిన పొద ఇది. 2020లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము ఇది భారతదేశమున 1,54,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన అరణ్యభూమిలో వ్యాపించియున్నది. దాని ఆకు తిన్న పశువు రోగము పాలగును. దాని దట్టపుపొదల క్రింద మేతగడ్డి చచ్చును; మేత లేని జింక చేలకు వచ్చును; జింక వెంట పులియు ఊరిప్రక్కకు వచ్చును. తోటలో రంగుకొఱకు నాటిన మొక్క అడవిలో తగవు తెచ్చిపెట్టినది.

ఈ పాఠములు మనకు అబ్బినవా? అబ్బలేదనియే చెప్పవలసియున్నది. ఇటీవలి యేండ్లలో మన నగరముల నడిబాటలయందు, కార్యాలయముల చుట్టు కోనోకార్పస్ అను చెట్టు బారులు తీర్చిరి. త్వరగ పెరుగును, ఏడాది పొడవున పచ్చగ నుండును, పశువు ముట్టదు. ఇవి దాని సుగుణములు. దానిమీద వాలు చిలుక యేది, దాని యాకు తిను పురుగేది అని యెవ్వరును ప్రశ్నింపలేదు. 2023లో గుజరాతు ప్రభుత్వము దానిని నాటరాదని నిషేధించినది. మన పట్టణములలోను దానిని తొలగింపవలెనను వాదము పుట్టినది. నాటుటకు ఒక వ్యయము, నరుకుటకు మరియొక వ్యయము! ఆ రెండింటిలో ఒక్క పాలు తంగేటివిత్తునకు పెట్టియున్నచో ఎన్ని బాటలు పసుపుపూవులతో పండువు చేయుచుండెడివో గదా!

ఇచట ఒక ఆక్షేపము వచ్చును. "విదేశీయమని మొక్కను ద్వేషింతురా? మిరప, వేరుసెనగ, టమాట ఎచటివి?" అని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మా వివాదము పుట్టుకతో కాదు, నడవడితో. మిరపయు వేరుసెనగయు అమెరికానుండి వచ్చినవే. కాని అవి రైతు నాటినచోట నాటినంత పెరిగి, కోసినంత ఇచ్చి, చేనిగట్టు దాటకున్నవి. అతిథి అతిథివలె నున్నంతవరకు మన ఇంట పీట వేయుదుము. ఇంటివారిని వీథిలోనికి నెట్టి, గాదెకు తాళము వేసికొను అతిథి మాటయే వేరు.

మరియొక ఆక్షేపము: "తంగేడు అడవిమొక్క, దానిని పనిగట్టుకొని పెంచనేల? తానే మొలచును గదా!" మొలచుటకు నేల మిగిలినప్పటి మాట అది. నేల మిగులనిచోట నాటుట విధి. మూడవ ఆక్షేపము తోటలు పెంచు అధికారుల నుండి వచ్చును. తంగేడు వృక్షము కాదు, నీడనీయదు, లెక్కలో చేరదు. నిజమే. మఱ్ఱి, రావి, వేప, కానుగ చేయు పని తంగేడు చేయజాలదు. అట్లే తంగేడు చేయు పనిని మఱ్ఱి చేయజాలదు. పచ్చదనమును చెట్ల లెక్కతోనే కొలుచు పద్ధతి కొంత మారవలెను. పైన వృక్షము, నడుమ పొద, క్రింద గడ్డి, ఈ మూడును చేరిననే వనము. నడిమి మెట్టు లేని నిచ్చెన ఎక్కుట కెవరికి సాధ్యము?

అభిమానముచే లేని గుణములను కల్పించుటయు తగదు. తంగేడు చిక్కుడు కుటుంబమునకు చెందినదే యైనను, సెన్నా జాతి మొక్కల వేళ్లకు సామాన్యముగ బుడిపెలు కట్టవు. కావున జనుమువలె గాలిలోని నత్రజనిని నేలలో నిలుపునని ఆశింపరాదు. దాని మేలు ఆకుయెరువులో, నేలను పట్టియుంచు వేళ్లలో, తుమ్మెదలకిచ్చు ఆతిథ్యములో నున్నది. పూవులో మకరందము లేదని ముందే చెప్పితిమి. కావున తేనెటీగలకు, చిలుకలకు తేనె కావలెనన్నచో తంగేటి ప్రక్కన వావిలిని, రేగును, వాకను, కరివేపను నాటవలెను. జిల్లేడు ఒకటి రెండు మూలల నుండనీయవలెను. ఏకజాతి తోట యెప్పుడును సంసారము కాదు.

పెంచు విధము సులభము. ముదిరి గోధుమరంగు తిరిగిన పలుచని కాయలను సమీపమున నున్న పొదలనుండియే సేకరింపవలెను. మన నేలకు మన విత్తనము తగియుండును. గింజపైతొక్క గట్టిది, కావున కాగి దించిన వేడినీట వేసి, ఆ నీట రాత్రంతయు నానవిడిచినచో మొలక త్వరపడును. తొలకరికి ముందు సంచులలో పోసి, వానలు నిలుకడ చెందిన పిమ్మట నాటవచ్చును. లేదా తడినేలలో నేరుగనే విత్తవచ్చును. పొదకు పొదకు నాలుగైదు అడుగుల యెడముండిన చాలును. నీరు నిలుచు పల్లము పనికిరాదు; ఎండ పడుచోటు కావలెను. మొదటి వేసవిని దాటించినచో పిమ్మట దాని బాధ్యత అదియే చూచుకొనును. చిలుకల పురుగులు ఆకు కొరికినవని మందు చల్లరాదు. ఆ పురుగుల కొఱకే గదా నాటినది! దగ్గఱలో ఒక యెండుకొమ్మనో, పాతవెదురునో విడిచినచో తుమ్మెద దానిని తొలిచి కాపురముండును. ఇంతకుమించిన తోటపని ఇందులో లేదు.

ఇక ఎవరెవరు ఏమి చేయవలెను? 2015లో ఆరంభమైన హరితహారము మూలమున తెలంగాణమున పంచాయతీలయందు నర్సరీలు వెలసినవి. ప్రతి నర్సరీలోను కొన్ని వరుసలు తంగేటికి, వావిలికి, వాకకు ప్రత్యేకింపవలెనని మా సూచన. దీనికి క్రొత్త శాసనము అక్కరలేదు. క్రొత్త ధనము అక్కరలేదు. చెరువుకట్ట దిగువ, శ్మశానపు హద్దు, పాఠశాల ప్రహరి, దేవాలయపు మాన్యము, రహదారి అంచు, ఇవన్నియు పొదవరుసలకు తగిన తావులు. పాఠశాలయందు పది పొదలుండిన, ఉపాధ్యాయుడు పుప్పొడి పాఠమును పటము చూపి కాక పూవు చూపి చెప్పగలడు. గ్రుడ్డునుండి చిలుకవరకు జరుగు మార్పును పిల్లలు పుస్తకమున వల్లెవేయుటకు మారు కొమ్మమీద చూడగలరు. రైతు తన గట్టున నాలుగు పొదలను నరుకక విడిచిన చాలును, అదియే మహోపకారము. రాష్ట్రపుష్పమని గోడలమీద బొమ్మ వేయించు కార్యాలయములు తమ ఆవరణలలో దానిని ఒక్కటైనను నాటియున్నవా యని విచారించుకొనుట మంచిది.

బ్రతుకమ్మ నాడు సోదరీమణులకు ఒక విన్నపము. పూగుత్తిని కోయుడు; కొమ్మను విఱువకుడు. ప్రతి పొదయందును కొన్ని గుత్తులు కాయ కట్టుటకు విడిచిపెట్టుడు. మీరు విడిచిన కాయయే మీ మనుమరాలి బ్రతుకమ్మకు పూవగును. పండుగ ముగిసిన పిమ్మట నాలుగు విత్తులను ఊరి కట్టమీద చల్లుట గూడ ఆ వ్రతములో ఒక అంగముగ చేసికొన్నచో అంతకంటె శుభమేమున్నది? పేరులోనే బ్రతుకు నిలుపుకొన్న పండుగ అది. పూవును నీట విడుచుట ఎంత ధర్మమో, విత్తును నేల విడుచుట అంత ధర్మము.

దేశమనగ పటముపై గీచిన గీత మాత్రము కాదు. దాని మట్టి, ఆ మట్టిలో మొలచిన పొద, ఆ పొదను నమ్ముకొన్న తుమ్మెద, ఆ తుమ్మెదను నమ్ముకొన్న చేను, ఆ చేనిని నమ్ముకొన్న సంసారము, వీని యన్నింటి పొత్తునకే దేశమని పేరు. శ్రీశైలమున మన పూర్వులు జగన్మాతను భ్రమరాంబయని కొలిచిరి. తుమ్మెదకు దేవతలలో చోటిచ్చిన జాతి, తుమ్మెదకు గట్టుమీద చోటీయలేకపోవుట తగునా? రాబోవు తొలకరికి ప్రతి గ్రామమున ఒక్క వరుస తంగేడు నాటబడుగాక. ఆ వరుస పూచిననాడు, రాష్ట్రపుష్పమను మాట కాగితమునుండి దిగి నేలపై కాలూనినదని మేము విశ్వసింతుము.